పెద్దమ్మ చెవిలో

సెప్టెంబర్ 2, మంగళవారం

మావాణ్ణి ఇవాళ గుర్రాల దగ్గరికి తీసుకెళ్ళాను. యుద్ధం నుంచి తిరిగొచ్చి మనుషుల్లో పడలేకపోతున్నవాళ్ళని గుర్రమెక్కించి బాగుచేస్తారట. డాక్టరు రాసిచ్చాడు, మా ఆవిడ పట్టుబట్టింది. గుర్రాల మీద యుద్ధానికి వెళ్ళినవాళ్ళ గురించి జీవితమంతా పాఠాలు చెప్పాను. యుద్ధం నుంచి గుర్రం మీదికి వెళ్ళడం నా సిలబస్‌లో లేదు.

"నేనక్కడికొచ్చి చేసేదేముంది?" అన్నాను.

"ఇంట్లో ఉండి చేసేదేముంది? గుడ్డి గుర్రాలకి పళ్ళు తోముతున్నారు. అదేదో అక్కడే తోమండి," అంది మా ఆవిడ.

ఊరి చివర, మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ వెనక ఉంది. రేకుల సాల, దాని ముందు ఇసుక పోసిన రింగు, చుట్టూ కొయ్య కంచె. కంచె బయట ఒక బెంచీ. నాకు ఆ బెంచీ కేటాయించారు. శిక్షకురాలు నా శిష్యురాళ్ళ వయసుది. నన్ను "పెద్దాయనా" అంది.

"పెద్దాయనా, ఇంటివాళ్ళు ఈ బెంచీ దాటి రాకూడదు. మీరు లోపలుంటే అబ్బాయి మీ మొహం చూస్తూ కూర్చుంటాడు. గుర్రాన్ని చూడడు. ఇంకోటి, చేత్తో ఏమీ పెట్టొద్దు. తిండి బక్కెట్లోనే. చేత్తో పెడితే జేబులు వెతకడం నేర్చుకుంటుంది. జేబులు వెతికే గుర్రం పైనున్న మనిషిని మరిచిపోతుంది."

నాకు తెలియనిదేదో చెప్పినట్టు తల ఊపాను.

ముసలి ఆడగుర్రం, గోధుమ రంగు, నుదుటిమీద తెల్లమచ్చ. అందరూ దాన్ని పెద్దమ్మ అంటారు. తాడు పట్టుకుని ముందు శిక్షకురాలు నడుస్తుంది. పైనున్నవాడు తూలితే పట్టుకోవడానికి పక్కన ఒక మనిషి నడుస్తాడు. జీతం లేని పని. ఏ పనీ పాటా లేనివాడెవరో చేస్తున్నాడనుకున్నాను. ఆ మనిషి దగ్గరికొచ్చి టోపీ తీశాడు.

మ్యాపు.

అదే రోజు, సాయంత్రం

మ్యాపు గురించి ఇంతకుముందు చాలాసార్లు రాశాను. అయినా మళ్ళీ రాస్తాను, తప్పులేదు.

నాతోపాటే భూగోళం చెప్పేవాడు. చేతిలో మ్యాపు లేకుండా ఎవరూ చూడలేదు, అందుకా పేరు. నాకంటే రెండేళ్ళు వెనక చేరి నాకంటే ముందు ప్రిన్సిపాలయ్యాడు. ఒక ప్రయాణాల పుస్తకం రాశాడు. దాన్ని నేను నాలుగు పేజీల్లో ఉతికి ఆరేశాను. మూడు ముద్రణలు పోయింది. నా సమీక్ష చదివి నవ్వి, "బాగా రాశావయ్యా, నా పుస్తకం కంటే బాగుంది," అన్నాడు. అలాంటి మనిషి. కోపం తెప్పించి, ఆ కోపానికి చోటు కూడా లేకుండా చేస్తాడు. వాడి క్లాసులో నవ్వులు, నా క్లాసులో నోట్సు. మావాడు కూడా వాడి దగ్గరే చదివాడు. భూగోళంలో మొదటి మార్కు, చరిత్రలో అత్తెసరు.

ఇవాళ మావాణ్ణి చూడగానే, "ఏరా అబ్బాయ్, దిక్కులు గుర్తున్నాయా?" అన్నాడు. యుద్ధం నుంచి వచ్చినవాడిని పలకరించే పద్ధతేనా అది?

మావాడు నవ్వాడు. పెదవి చివర కొంచెం. అయినా నవ్వే.

సెప్టెంబర్ 6, శనివారం

గుర్రాన్ని ఆపడానికి పగ్గం లాగనక్కర్లేదట. నిండా ఊపిరి పీల్చి, నెమ్మదిగా వదిలి, నడుము బరువు జీనులోకి దించితే ఆగుతుందట. మావాడు మొదట పగ్గం గుంజి పట్టుకున్నాడు. గుర్రం తల విదిలించింది. మ్యాపు పక్కన నడుస్తూ, "ఊపిరి వదలరా. దాచుకుని ఏం చేసుకుంటావు?" అన్నాడు. వదిలాడు. ఆగింది. మళ్ళీ నడిపించి మళ్ళీ ఆపాడు. చివరికొచ్చేసరికి ఇష్టమైన చోట ఆపుతున్నాడు. ఎడమకి తిప్పితే ఎడమకి, కుడికి తిప్పితే కుడికి వెళుతోంది. దిగాక దాని మెడకి మెడ ఆనించి చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు.

బెంచీ మీంచి వినబడదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఇంట్లో ఇవాళ మావాడు నాతో అన్న మాటలు: సరే. వద్దు. చాలు.

సెప్టెంబర్ 13, శనివారం

ఎక్కడానికి ముందు గుర్రాన్ని బ్రష్‌తో రుద్దాలి, డెక్కలెత్తి లోపల ఇరుక్కున్న రాళ్ళు గీకాలి. ఆ పని మావాడే చేస్తాడు. చేస్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉంటాయి. ఇంటికొచ్చి నేను అడిగాను.

"దానితో ఏం మాట్లాడతావు?"

"ఏం లేదు నాన్నా."

"ఏం లేనిది అంతసేపు మాట్లాడతారా?"

లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్నాడు.

"అడగొద్దని డాక్టరు చెప్పాడు కదండీ," అంది మా ఆవిడ.

"తండ్రిని. అడక్కూడదా?"

"తండ్రిగా అడిగితే ఊరుకుందును. మీరు పరీక్ష పేపరిచ్చినట్టు అడుగుతారు."

యుద్ధాల మీద నాకున్నన్ని పుస్తకాలు ఈ ఊళ్ళో ఎవరికీ లేవు. కారణాలు, ఫలితాలు, సంధులు, అన్నీ నోటికొచ్చు. నా ఇంట్లో ఒక యుద్ధం తలుపేసుకుని కూర్చుంది. దాని గురించి నాకంటే ఒక గుర్రానికి ఎక్కువ తెలుసు. ఇదెక్కడి న్యాయం?

సెప్టెంబర్ 16, మంగళవారం

జేబులో క్యారెట్ ముక్క ఉండిపోయింది. వంటింట్లోంచి వస్తూ నోట్లో వేసుకుందామని తీసుకున్నది. జీను తేవడానికి మావాడూ మ్యాపూ లోపలికి వెళ్ళారు. పెద్దమ్మ బెంచీ పక్కన కొయ్యకి కట్టేసి ఉంది. మూగజీవి. నా వైపే చూసింది. ఒక్క ముక్కకి ఏమవుతుంది?

దాని పెదవులు అరచేతిలో మెత్తగా తగిలాయి. చెవులు నావైపు తిప్పింది. ఆ చెవులే.

సెప్టెంబర్ 20, శనివారం

జీను బిగించేటప్పుడు పెద్దమ్మ పొట్ట ఉబ్బిస్తుంది. అప్పుడు పట్టీ గట్టిగా ఉన్నట్టే కనబడుతుంది. నాలుగడుగులు వేశాక గాలి వదిలేస్తుంది, పట్టీ వదులవుతుంది. తెలియనివాడు ఎక్కితే జీనుతో సహా పక్కకి జారతాడు. అందుకని నడిపించి మళ్ళీ బిగించాలి. మ్యాపు మావాడికి ఇది చూపిస్తూ ఏమన్నాడంటే:

"మీ నాన్న కూడా క్లాసులోకి వచ్చేముందు ఇలాగే ఛాతీ ఉబ్బించేవాడు. పావుగంటకి వదిలేసేవాడు. అప్పుడు మేం పక్క గదిలో మా పాఠం మొదలుపెట్టేవాళ్ళం."

మావాడు గట్టిగా నవ్వాడు. గుర్రం మెడ మీద వాలిపోయి నవ్వాడు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి వాడు అలా నవ్వింది ఇదే మొదటిసారి. నా మీద.

మా ఆవిడకి చెప్పాను. సంతోషపడింది!

"నవ్వాడా? నిజంగా నవ్వాడా?"

"నన్ను ఎగతాళి చేస్తే నవ్వాడు."

"పోనీలెండి, ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చారు. మీ కడుపుమంట మీది. మీరు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటే వాడి నవ్వు ఆగిపోవాలా?"

సెప్టెంబర్ 23, మంగళవారం

క్యారెట్లు సన్నగా, పొడుగ్గా కోస్తే దానికి తేలిగ్గా ఉంటుంది. పళ్ళు అరిగిపోయిన జీవి. పాత పేపరులో చుట్టుకెళ్ళాను. నన్ను చూడగానే పెద్దమ్మ గొంతులో చిన్నగా ఏదో శబ్దం చేస్తుంది. మ్యాపుని చూసి చెయ్యదు.

సెప్టెంబర్ 27, శనివారం

ఆ బెంచీకి నీడ లేదు. చెప్పినా మార్చరు.

సెప్టెంబర్ 30, మంగళవారం

వచ్చే శనివారం మావాణ్ణి తాడు లేకుండా పంపుతారట. పగ్గం వాడి చేతిలోనే, గుర్రాన్ని పట్టుకునేవాళ్ళు ఉండరు. ఇది బాగా జరిగితే సాలలోనే పని ఇస్తామంది శిక్షకురాలు. కొత్తగా వచ్చే సైనికులకి గుర్రాన్ని పరిచయం చేసే పని. మా ఆవిడ ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. వాడికి పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటు ఉంటే చాలు, బతుకుతాడు అంది. బతుకుతాడు అనే మాట ఆవిడ ఇంతకుముందెప్పుడూ పైకి అనలేదు.

ఎప్పటిలాగే ఒక మనిషి మాత్రం పక్కన నడవాలి. ఆ ఒక్కరోజుకి నేను నడుస్తానని అడిగాను. దీనికి మొహమాటమెందుకు? తండ్రిని.

"కుదరదు పెద్దాయనా," అంది శిక్షకురాలు.

మావాడి వైపు చూశాను. వాడు నేల చూస్తూ అన్నాడు: "మాస్టారు ఉంటారు కదా నాన్నా."

మాస్టారంటే మ్యాపు. నేను కూడా మాస్టారునే. ఆ సంగతి ఈ ప్రపంచం మరిచిపోయింది.

అక్టోబర్ 4, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎండ ఎక్కువగా ఉండడం వల్ల నేను బెంచీ వదిలి కంచె వెంట అవతలి మూలకి వెళ్ళాను. అక్కడ నీడ ఉంది. బెంచీ దాటి లోపలికి వెళ్ళలేదు. కంచె బయటే ఉన్నాను. చేతిలో పేపరు పొట్లం ఉంది. ఉండకూడదని ఎక్కడా రాయలేదు.

మావాడు సగం చుట్టు బాగానే వచ్చాడు. వీపు నిటారుగా, చేతులు మెత్తగా. వాడి అమ్మ చూసి ఉండాల్సింది. అప్పుడు పెద్దమ్మ తలెత్తింది. నన్ను చూసింది. తిన్నగా నా మూలకి బయలుదేరింది. మావాడు పగ్గం తిప్పాడు. వినలేదు. ఊపిరి వదిలాడు, నడుము దించాడు, నేర్పినవన్నీ చేశాడు. అది వేగం పెంచింది. మ్యాపు పరిగెత్తుకొచ్చి దాని ముందుకి దూకాడు. ఆ వయసులో ఎవరు దూకమన్నారు? డెక్క కాలిమీద పడింది. మావాడు జారి ఇసుకలో పడ్డాడు.

దెబ్బ తగల్లేదు. కానీ లేవలేదు. రెండు చేతులూ గుండ్రంగా దేన్నో పట్టుకున్నట్టు ముందుకి చాచి, తిప్పుతూనే ఉన్నాడు. తిప్పుతూనే ఉన్నాడు. "మాస్టారూ, మాస్టారూ," అని పిలిచాడు.

నేను కంచెకి ఇవతల, నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

పొట్లం ఎక్కడ పడేశానో గుర్తులేదు.

అక్టోబర్ 5, ఆదివారం

గుర్రమన్నాక ఒక్కోసారి అలాగే చేస్తుంది. పక్కన నడిచేవాడికి చేతకాకపోతే ఇంతే. మ్యాపుకి కాలి వేళ్ళు రెండు విరిగాయట.

అక్టోబర్ 7, మంగళవారం

మావాడు వెళ్ళలేదు. తలుపు తియ్యలేదు. అన్నం పళ్ళెం గుమ్మం బయట పెట్టి, మళ్ళీ తీసింది మా ఆవిడ. మొదటికొచ్చింది అంతా.

శిక్షకురాలు ఫోన్ చేసింది. మా ఆవిడే మాట్లాడింది. పెట్టేశాక గోడకి ఆనుకుని నిలబడింది.

"ఆ గుర్రం జేబులు వెతుకుతోందట. ఎవరో చేత్తో తినిపించారట. ఎవరో తెలిస్తే వాళ్ళని రానివ్వకుండా దాన్ని మళ్ళీ దారిలో పెడతారట. తెలియకపోతే దాని మీద ఇంకెవర్నీ ఎక్కించలేం, పంపించేస్తాం అంది."

"ఎక్కడికి?"

"ముసలి గుర్రాన్ని ఎక్కడికి పంపిస్తారు?" అంది. నా వైపు చూసి అందో, ఊరికే అందో తెలియదు.

ఇవాళ చదువుదామని కూర్చున్నాను. ఒక్క పేజీ తిరగలేదు.

అక్టోబర్ 9, గురువారం

తెలిసిపోయిందట. గుర్రానికి తినిపించింది మ్యాపు.

కట్టుతో, చేతికర్రతో శిక్షకురాలి దగ్గరికి వెళ్ళి వాడే ఒప్పుకున్నాడట. ఇక అక్కడ అడుగుపెట్టనని మాటిచ్చాడట. పెద్దమ్మ ఉంటుంది.

మంచిదే. అందరికీ మంచిదే. గుర్రం ఉంటుంది, మావాడు వెళతాడు, మ్యాపు ఉండడు. నేను కోరుకున్నది ఇదే కదా. రాత్రి అన్నం సహించలేదు. అరగక అయ్యుంటుంది.

అక్టోబర్ 11, శనివారం

మావాడు బయటికి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. గుర్రాల దగ్గరికనుకున్నాను. కాదు, మ్యాపు వాళ్ళింటికి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి వాళ్ళమ్మతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మాటలంటే మాటలు కాదు. ఏరు పారినట్టు.

"పాపం మాస్టారు ఎంత కుంగిపోయారో అమ్మా. ప్రేమకొద్దీ పెట్టారట. ప్రేమ ఎక్కువైతే మనిషికి రూల్సు కనబడవురా, తప్పుగా అనుకోకు అన్నారు. నేను అనుకోవడమేంటి? కాళ్ళకి దణ్ణం పెట్టాను. కాలి వేళ్ళు విరిగింది కూడా నన్ను పట్టుకోవడానికి వచ్చే కదా. అలాంటి మనిషి మీద కోపమొస్తుందా ఎవరికైనా?"

వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. "దేవుడులాంటి మనిషి," అంది.

నా పదవి తీసుకున్నాడు, ఊరుకున్నాను. నా విద్యార్థుల్ని తీసుకున్నాడు, ఊరుకున్నాను. నా కొడుకు నవ్వు తీసుకున్నాడు. చివరికి నేను చేసిన వెధవపని కూడా వాడే తీసుకుని, దానికీ దణ్ణాలు పెట్టించుకుంటున్నాడు. ఇక నాకంటూ ఏం మిగిలింది?

"వాడెప్పుడు పెట్టాడు?" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"క్యారెట్లు నావి. సన్నగా, పొడుగ్గా కోసి, పేపరులో చుట్టి, ప్రతిసారీ నేను తీసుకెళ్ళాను. మ్యాపుకి క్యారెట్ కొయ్యడం కూడా రాదు. ఆ రోజు మూలన నిలబడింది నేను. అది నా కోసం వచ్చింది. వాడి కోసం కాదు!"

మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మావాడు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

అక్టోబర్ 12, ఆదివారం

నిన్న ఇక రాయలేకపోయాను.

మావాడు అరిచాడు. వచ్చిన దగ్గర్నుంచి గొంతు పెంచనివాడు, గోడలు అదిరేలా అరిచాడు. ఎప్పుడూ మీరు అనేవాడు, నువ్వు అన్నాడు. పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. మా ఆవిడ వెళ్ళి మా కిటికీ మూసింది.

"ఎందుకు చేశావు? నీకేం చేసింది అది?"

"నువ్వు దానితో మాట్లాడతావు," అన్నాను. ఇన్ని పుస్తకాలు చదివి ఇదీ నా జవాబు.

"నేను తిప్పితే తిరిగింది, తెలుసా నీకు? ఆపితే ఆగింది! లారీ తిరగలేదు నాన్నా. ముందు రోడ్డు పేలింది. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది. తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, అది తనిష్టమొచ్చినట్టు లోయలోకి పోతోంది. పక్కన మా వంటవాడు. వెనక ఎండగా ఉందని నేనే ముందుకొచ్చి కూర్చోమన్నాను. 'తిప్పరా, తిప్పరా' అన్నాడు. నేను తిప్పుతూనే ఉన్నాను. వాడు నేను తిప్పట్లేదనుకునే పోయాడు. ఇన్నాళ్ళకి ఒకటి, ఒక్కటి, నా చేతికి విన్నది. దాన్ని పొట్లంలో చుట్టి నువ్వు పట్టుకుపోయావు!"

ఇంకా చాలా అన్నాడు. వంటవాడి పిల్లల గురించి అన్నాడు. నా గురించి అన్నాడు. చిన్నప్పుడు పుస్తకం మీంచి తలెత్తేవాణ్ణి కాదన్నాడు. ఇప్పుడు తలెత్తితే ఇదా చేసేది అన్నాడు. నేను నిలబడి విన్నాను. గొంతు పోయేదాకా అరిచి, కింద పడ్డ కుర్చీ ఎత్తి సరిగ్గా పెట్టి, దానిమీదే కూర్చుని ఏడ్చాడు. వాళ్ళమ్మ తల పట్టుకుంది. నేను చెయ్యి వెయ్యబోతే విదిలించాడు. రెండోసారి వేస్తే ఊరుకున్నాడు.

అక్టోబర్ 13, సోమవారం

శిక్షకురాలి దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"అనుకున్నాను పెద్దాయనా," అంది. "ఆయనకి అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు. యాపిల్ పెట్టానన్నాడు. పెద్దమ్మ యాపిల్ ముట్టదు."

నేను ఇక సాల గేటు దాటి లోపలికి రాకూడదు. పెద్దమ్మని దారిలో పెట్టే పని మావాడికే అప్పగిస్తుందట. ఖాళీ జేబులతో దాని ముందు నిలబడాలి. మూతి పెట్టి వెతికిన ప్రతిసారీ మొహం అవతలికి తిప్పాలి. వెతకడం మానేదాకా, విసుక్కోకుండా. వారాలు పట్టొచ్చు. కాలు తగ్గేదాకా మ్యాపు కూర్చుని చూస్తుంటాడట. ఎక్కడ? నా బెంచీ మీద.

సాయంత్రం మ్యాపు ఫోన్ చేశాడు.

"ఎందుకు చెప్పావయ్యా? నేను మోసేవాణ్ణి కదా."

"నీకెలా తెలిసింది నేనని?"

"నిన్ను చూస్తే గుర్రం సకిలిస్తోంది. ఇన్నేళ్ళలో నిన్ను చూసి సంతోషించిన జీవి అదొక్కటే. అనుమానం రాదా?"

"నా తప్పు నీకెందుకు?"

"నువ్వు వాడికి తండ్రివి. నేను పక్కన నడిచేవాణ్ణి. నన్ను తిట్టుకుంటే వాడికి ఇంకో మనిషి దొరుకుతాడు."

నాలుగు పేజీల సమీక్ష రాయగలను ఈ వాక్యం మీద. ఒక్క తప్పూ దొరకలేదు. అందుకే ఒళ్ళు మండింది.

"నా కొడుకు నన్ను తిట్టాల్సిన తిట్లు నీకు పంచిపెట్టను," అని పెట్టేశాను.

అక్టోబర్ 14, మంగళవారం

మావాడు పొద్దున్నే లేచాడు. ప్యాంటు జేబులు బయటికి లాగి దులుపుకున్నాడు, క్యారెట్ వాసన కూడా ఉండకూడదని. నేను చెప్పులు వేసుకోబోయాను. సాల గేటు దాకా వెళ్ళొచ్చు కదా.

"రావద్దు," అన్నాడు.

ఆ మాట వాడు మ్యాపుతో అనడు. పెద్దమ్మతో అనడు. నాతోనే అంటాడు. చెప్పులు విప్పేశాను.

మా ఆవిడ వంటింట్లోంచి చూస్తోంది. మావాడు బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టుకున్నాడు. మెట్లు దిగి, గేటు తీసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"దాని సంగతి సాయంత్రం వచ్చి చెప్తాను."

మ్యాపుకి చెప్పాక వచ్చి చెప్తావా, ముందే నాకు చెప్తావా అని అడగాలనిపించింది. నాలిక చివరిదాకా వచ్చింది.

అడగలేదు.